వేలు మడిచి చెప్పిన కథలు

ఇదొక మహాగాథ. ఇందులో నెత్తురుంది, కత్తులున్నాయి, సముద్రతీరం ఉంది, మత్తుమందు వాసన ఉంది, మళ్లీ లేస్తాడో లేడో తెలియని ఒక వీరుడున్నాడు. ఇంత చెప్పాక మిగతాది దాచడం బాగుండదు కాబట్టి చెప్పేస్తున్నాను: ఆ వీరుడు నా ఎడమచేతి ఉంగరపు వేలు. కత్తులు ఆపరేషను గదిలోవి. సముద్రతీరం కూడా పూర్తిగా సముద్రం కాదు, పులికాట్ సరస్సు. చాలాచోట్ల మోకాలి లోతు. యుద్ధం జరిగిందా అంటే జరిగింది, ఊరగాయ సీసాతో.

మొన్న నాయుడుపేటలో నెల్లూరు బస్సెక్కాను. పక్క సీటులో కూర్చున్న ఆవిడ ఒళ్లో పిల్లాణ్ణి పెట్టుకుని వాడి బూటు పట్టీ చర్రుమని ఊడదీసింది. వెల్‌క్రో పట్టీ ఊడితే వచ్చే చప్పుడది. చీర చిరిగినట్టూ ఉంటుంది, పిల్లి కోపం తెచ్చుకున్నట్టూ ఉంటుంది. ఆ చప్పుడు చెవిన పడగానే నా ఎడమచెయ్యి నన్నొక మాటైనా అడక్కుండా లేచి, అరచెయ్యి పైకి తిప్పుకుని, ఆవిడ ముందు నిలబడింది. ఆవిడ నా చేతిని చూసింది, నా మొహం చూసింది, నా చొక్కా కూడా ఒకసారి చూసి చిల్లర కోసం పర్సు తెరిచింది. "వద్దమ్మా, ఇది అలవాటు" అన్నాను. దాంతో ఆవిడ పిల్లాణ్ణి కిటికీ వైపుకు మార్చుకుంది.

ఆ అలవాటు వసుంధర మేడం చేసింది. ఆమె నెల్లూరులో ఒక ఆసుపత్రి వరండా చివరి గదిలో, తెగిన వేళ్లకూ విరిగిన మణికట్టులకూ మళ్లీ పని నేర్పేవారు. ఆమె నా చేతి పట్టీలు ఊడదీసినప్పుడల్లా ఆ చప్పుడు వచ్చేది, అరచెయ్యి పైకి పెట్టాల్సి వచ్చేది. అది ముగిసి చాలా కాలమైంది. చేతికి ఆ కబురు ఇంకా అందినట్టు లేదు.

మాది సరస్సు ఒడ్డున చేపలు పట్టుకుని బతికే ఊరు. మా ఇంట్లో నాన్న, అమ్మ, నేను, ఒక పడవ, ఒక మేక. పడవ మీద నాకు పని లేదు. ఎక్కితే వాంతులు. నడిసముద్రంలో అయితే చెప్పుకోవడానికి కాస్త పరువుగానైనా ఉండేది. మా సరస్సులో అల లేవాలంటే ఎవరో ఒకరు దూకాలి. దాంట్లో కూడా నాకు వాంతులే. "నీళ్ల మీద బతికే ఇంట్లో పుట్టి నీళ్లు చూస్తే కక్కుకునేవాణ్ణి నిన్నే చూసినా" అని నాన్న పడవ దింపిన ప్రతిసారీ అనేవాడు. అయితే వల బాగుచెయ్యడంలో మాత్రం మా ఊళ్లో ఎవరైనా నా తర్వాతే. పీతలు కొరికిన వల, రాళ్లకు చిరిగిన వల, ఎలుకలు కాపురం పెట్టిన వల, అన్నీ నా అరుగు మీదికే వచ్చేవి. ఒడ్డున కూర్చుని, కాలి బొటనవేలికి వల తగిలించుకుని, కుడిచేత్తో సూది నడుపుతూ, ఎడమచేతి వేళ్లతో ఒక్కో కన్నునూ, అంటే వలలోని ఒక్కో గడినీ, లాగి బిగించాలి. ముడి కుడిచేతిది, కన్ను ఎడమచేతిది. ఎడమ ఉంగరపు వేలు సరిగ్గా లాగిపట్టకపోతే కన్నులు పెద్దవీ చిన్నవీ కలిసిపోయి, ఆ వల దోమతెరకూ ఊయలకూ మధ్య ఏదో ఒకటవుతుంది. ఊరు వదిలి పోవడం నాకిష్టం లేదు. ఊళ్లో నాకు చేతనైన పని అదొక్కటే. కాబట్టి ఆ వేలు నాకు వేలు మాత్రమే కాదు, ఊళ్లో ఉండటానికి నాకున్న ఒకే ఒక్క కారణం. ఇదిగో, గంభీరంగా తయారవుతోంది. సీసా దగ్గరికి పోదాం.

అమ్మ నిమ్మకాయ ఊరగాయ సీసా కడగమంది. అడుగున ఎండిపోయిన కారాన్ని గోకడానికి చెయ్యి లోపలికంటా పెట్టాను. సీసా పగిలింది. నెత్తురు చూసి ఊరు ఊరంతా పరిగెత్తుకొచ్చింది. పడవ ఇంజను రెక్క తగిలిందని చెబుదామనే అనుకున్నాను. నేను నోరు తెరిచేలోపే అమ్మ, "మంచి సీసా అబ్బా, మా అమ్మ ఇచ్చింది" అని ఏడుస్తూ నాలుగిళ్లకు చెప్పేసింది. నెల్లూరులో డాక్టరుగారు చూసి, వేలిని వంచే టెండన్ తెగిందన్నారు. ఎముకను కండకు కట్టే తాడు లాంటిదట అది. మా ఊళ్లో వాటన్నింటినీ కలిపి నరం అనేస్తాం. ఆయన దాన్ని కుట్టి, "నా పని అయిపోయింది. ఇక వరండా చివర మేడం ఉన్నారు, ఆమె చెప్పినట్టు విను" అని పంపేశారు.

నేను వెళ్లేసరికి ఆమె ఒక పళ్లెంలో వేడినీళ్లు పోసుకుని కూర్చున్నారు. నలభై దాటిన మనిషి, నూలు చీర, కళ్లజోడు నెత్తిమీద. గొంతు ఎప్పుడూ ఒకే ఎత్తులో ఉండేది. 'జాగ్రత్త' అన్నా, 'టీ తాగు' అన్నా అదే గొంతు. బల్లమీద డబ్బాల్లో చింతగింజలు, బట్టల క్లిప్పులు, పిండిముద్దలాంటి మైనం. ఏదో చిన్నబడిలోకి వచ్చినట్టనిపించింది.

"ఈ చేత్తో ఏం చేసేవాడివి?" అని అడిగారు.

"పడవ ఇంజను దగ్గర మేడం, రెక్క ఒక్కసారిగా తిరిగి..."

"ఏం జరిగిందో మీ అమ్మ వరండాలో అందరికీ చెప్పింది. సీసా ముచ్చటైందని కూడా చెప్పింది. ఏం జరిగిందని కాదు, ఏం చేసేవాడివని అడిగినా."

తర్వాత చూశాను, అక్కడికి వచ్చిన ప్రతివాళ్లనూ ఆమె మొదట అడిగే మాట అదే. చెయ్యి ఎట్టా పోయిందన్న కథ అందరి దగ్గరా సిద్ధంగా ఉంటుంది, అంతకుముందు అది ఏం చేసేదో చెప్పమంటే మాత్రం తడుముకుంటారు అనేవారు. నేనూ తడుముకుని, వలలు బాగుచేస్తానన్నాను.

"చూపించు."

"వల లేదు కదా మేడం."

"వల లేకపోతే ఏం, కుడిచేత్తో చూపించు. ఎడమచెయ్యి ఏడుండేదో నోటితో చెప్పు."

గాల్లో సూది పట్టుకుని, గాల్లో కన్ను లాగి, గాల్లో ముడి వేశాను. పక్కన కట్టు కట్టించుకుంటున్న ఆయన నాకు తగిలిన దెబ్బ చేతికేనా అని అనుమానంగా చూశాడు. మేడం మాత్రం వంగి మరీ చూశారు. "అయితే ఈ వేలు కావాల్సిందే" అన్నారు, కూరల బండి దగ్గర వంకాయ ఏరినట్టు.

తర్వాత నా వేలి లోపల ఏముందో చెప్పారు. "లంగా నడుము మడతలో నాడా చూసినావు కదా. నీ వేల్లో టెండన్ అట్టాంటిది. గొట్టంలో జారాలి. ఇప్పుడు దాన్ని కుట్టినారు. నువ్వు గట్టిగా లాగితే తెగుద్ది. అసలు కదిలించకపోతే లోపల్నే అతుక్కుపోద్ది. నాడా తెగినా ఇబ్బందే, అతుక్కున్నా ఇబ్బందే."

"మధ్యలో ఏముంది మేడం?"

"మధ్యలో నేనున్నా."

అట్టలాంటి ఒక తెల్లటి ప్లాస్టిక్ ముక్కను కత్తిరించి వేడినీళ్లలో వేశారు. అది అప్పడంలా మెత్తబడింది. తుడిచి, నా చేతి వెనకవైపు పరిచి, మణికట్టూ వేళ్లూ లోపలికి వంగి ఉండేట్టు అదిమి పట్టుకున్నారు. "దీన్ని నూనెలో వేయించరా మేడం?" అన్నాను. ఆమె మొహంలో ఏ కదలికా లేదు. నా జోకు పేలకపోవడం నాకు కొత్త. ప్లాస్టిక్ చల్లారి గట్టిపడ్డాక ఆమె చేతులు తీసి, అప్పుడు నవ్వారు. "ఇప్పుడు నవ్వుతున్నారేంది మేడం?" అంటే, "అప్పుడే వచ్చింది నవ్వు. చెయ్యి కదిలితే వంకర పోతుందని ఆపుకున్నా" అన్నారు. అప్పటిదాకా నా జోకును ఎవరూ దాచుకుని తర్వాత నవ్వింది లేదు. నాకు ఆమె మీద గౌరవం అక్కడ మొదలైంది. అంతకన్నా గొప్ప కారణం ఉంటే బాగుండేది కానీ లేదు.

దాన్ని స్ప్లింట్ అంటారు. మా అమ్మ డొప్ప అంది, ఊరంతా డొప్ప అంది, చివరికి మేడం కూడా డొప్పే అన్నారు. పగలూ రాత్రీ డొప్ప చేతికే ఉండాలి. ఆ చేత్తో ఏదీ పట్టుకోకూడదు, ఎత్తకూడదు, లాగకూడదు. మధ్యమధ్యలో కుడిచేత్తో వేలిని మెల్లగా లోపలికి వంచి, మళ్లీ డొప్పకు తగిలేదాకా తెరవాలి. అంతే పని. చెప్పుకోవడానికి సులువు, చెయ్యడానికి విసుగు. దానికి తోడు మా ఊళ్లో సలహాకు కరువు లేదు. ఒకరు అస్సలు కదిలించొద్దన్నారు. ఒకరు ఇసకలో గుద్దమన్నారు. ఇంకొకాయన తన వేలు తెగినప్పుడు ఏమీ చెయ్యలేదని, అదే వంగిందని చెప్పాడు. చూపించమంటే వేరే చెయ్యి చూపించాడు.

అట్టాంటి రోజుల్లో పక్కింటి పోలయ్య మామ చిరిగిన వల తెచ్చి అరుగు మీద పడేశాడు. "నీకు చెప్పడంలా అబ్బయ్యా, ఊరికే పెట్టిపోతా ఉండా" అన్నాడు. అంటే చెప్పినట్టే. రొయ్య బాగా పడే రోజులవి. వల ఒకవైపు, నేను ఒకవైపు. కాసేపు ఒకరినొకరం చూసుకున్నాం. వల అల్లేవాళ్లు కన్నులన్నీ ఒకే కొలతలో రావడానికి ఒక చదునైన వెదురు ముక్కను వాడతారు. దారాన్ని దానిమీదుగా తిప్పి ముడేస్తే కన్ను తప్పదు. నా డొప్ప అంచును చూశాను. వల కన్నుకు సరిగ్గా అదే వెడల్పు. భగవంతుడు నాకోసమే కొలిచి చేయించినట్టుంది. మేడం పట్టుకోవద్దన్నారు. నేను పట్టుకోవడం లేదు, డొప్ప పట్టుకుంటుంది. ఇందులో తప్పేముంది? దారాన్ని డొప్ప అంచు మీదుగా తిప్పి, కుడిచేత్తో ముడి మీద ముడి వేసుకుంటూ పోయాను. నిజం చెప్పాలంటే అంత చక్కని కన్నులు నా జన్మలో వెయ్యలేదు.

ఆ సమయంలో శ్రీహరికోటలో రాకెట్ ఎగిరి, రేకుల కప్పులన్నీ అదిరి, ఆ అదురుకు వల లాగిందని రాయగలిగితే ఈ గాథకు కాస్త స్థాయి వచ్చేది. కానీ ఆరోజు రాకెట్ వాయిదా పడింది. మా మేక వల మీద నడిచింది. కాలికి వల చుట్టుకుంది, బెదిరి గెంతింది. డొప్పతోపాటు నా చెయ్యి కూడా మేక వెంట పోయింది. వేలి లోపల ఏదో టక్కుమంది.

అమ్మ గొల్లుమంది. పోలయ్య మామ వల ఎత్తుకుని జారుకున్నాడు, బాగైన భాగం చూసుకుంటూ. నాకు ఒక్క జోకు కూడా తట్టలేదు. నెల్లూరు బస్సులో నాన్న నా పక్కన కూర్చుని చాలాసేపు కిటికీలోంచి చూశాడు. ఆయన తిడతాడని ఎదురుచూశాను. "వల పని పోతే పోయిందిలేరా. నీకింకో పని చూద్దాం" అన్నాడు. నా వాంతుల మీద ఇన్నేళ్లూ పరాచికాలాడిన మనిషి, నా మీద జాలిపడటం అదే మొదటిసారి. దానికన్నా తిట్టుంటే బాగుండేది. అప్పుడు భయం వేసింది.

మేడం పట్టీలు ఊడదీశారు. అరచెయ్యి పైకి పెట్టాను. "ఏం చేసినావు?" అన్నారు. డొప్ప అంచు, దారం, మేక, అన్నీ వరసగా చెప్పేశాను. చివరికి "కన్నులు మాత్రం బాగా వచ్చినాయి మేడం" అన్నాను. ఆమె నా ముంజేతిని బల్లమీద వదులుగా పెట్టించి, లోపలివైపు కండ మీద బొటనవేలు పెట్టి మెల్లగా నొక్కారు. టెండన్ ఉంటే, అక్కడ నొక్కితే వేలు దానంతటదే కొద్దిగా వంగుతుందట. తెగి ఉంటే కదలదు. నాన్న, నేను, మేడం, ముగ్గురం ఆ వేలినే చూశాం. రాకెట్ ఎగిరేటప్పుడు కూడా మా ఊళ్లో ఎవరూ అంత శ్రద్ధగా పైకి చూడరు. ఆమె ఇంకొంచెం నొక్కారు. వేలు వంగింది. రవ్వంత. నిద్రలో ఎవరో పిలిస్తే 'ఊఁ' అన్నట్టు.

"ఉంది" అన్నారు మేడం. నెత్తిమీద కళ్లజోడు తీసి తుడుచుకుని మళ్లీ నెత్తిమీదే పెట్టుకున్నారు. "మీ మేక మంచిది. ఇంకొంచెం పరిగెత్తి ఉంటే ఈ పాటికి డాక్టరుగారి దగ్గర ఉండేవాడివి." తర్వాత డొప్పను మళ్లీ వేడినీళ్లలో ముంచి, నేను కొలతగా వాడుకున్న అంచును గుండ్రంగా బయటికి మడిచేశారు. "ఇంక దీనిమీద ఏ కన్నూ నిలబడదు" అన్నారు. నాన్న దాన్ని చేతిలోకి తీసుకుని, అంచు మీద వేలితో రాసి చూసి, "నిజమే మేడం, జారిపోద్ది" అని ఒప్పుకున్నాడు. మనసులో ఆయన కూడా కొలత చూసుకుంటున్నాడని నాకు అనుమానం.

ఆ తర్వాత నేను బుద్ధిమంతుణ్ణయ్యాను. అదే చేటు చేసింది. మళ్లీ టక్కుమంటుందేమోనన్న భయంతో, వంచమన్న వేలిని కూడా వంచకుండా, గుడ్డును మోసినట్టు మోసుకు తిరిగాను. డొప్ప తీసే రోజు వచ్చేసరికి వేలు సగం వంగిన చోటే ఆగిపోయింది. నాడా తెగలేదు, అతుక్కుంది. డాక్టరుగారు అటూఇటూ కదిపి చూసి, "కొన్నాళ్లు గట్టిగా ప్రయత్నించండి. వచ్చేసారికీ ఇట్లాగే ఉంటే మళ్లీ తెరిచి విడదియ్యాల్సి వస్తుంది" అన్నారు. మళ్లీ ఆపరేషను, మళ్లీ డొప్ప, అప్పటికీ వేలు వస్తుందో రాదో. వల పని ఏ ఒడ్డున ఉందో నాకు కనిపించలేదు.

ఆ రోజుల్లో మేడం గదిలో నాకు తోడు రమణమ్మ పెద్దమ్మ ఉండేది. గూడూరు నిమ్మకాయల మార్కెట్లో కాయలు ఏరి సైజుల వారీగా వేరుచేసే మనిషి. బస్తా మీద నుంచి జారి మణికట్టు విరిగింది. సిమెంటు కట్టు విప్పాక వేళ్లన్నీ కొయ్యబారిపోయాయి. నా సీసా సంగతి విని, "మా గూడూరు కాయే అయ్యుంటాది. ఊరగాయ పెట్టినాక కూడా పొగరు తగ్గలా" అంది. ఆ రోజు నుంచి ఇద్దరం ఎదురెదురు కుర్చీలు. ఆమె పిడికిలి మూయాలి, నేను వేలు మడవాలి. ఇద్దరికీ ఒకచోట ప్రాణం పోయేంత నొప్పి. అక్కడికి రాగానే నేనొక జోకు వేసేవాణ్ణి. పెద్దమ్మ పడీపడీ నవ్వేది. మేడం కూడా నవ్వేవారు. గది చాలా హాయిగా ఉండేది. వేళ్లు మాత్రం అంగుళం కదల్లేదు.

ఒకరోజు మేడం నవ్వడం మానేసి నా ముందు స్టూలు వేసుకున్నారు.

"కొండలూ, నువ్వు జోకు ఎప్పుడేస్తావో తెలుసా?"

నా పేరు ఏడుకొండలు. ఎవరికీ ఏడూ మొయ్యడానికి ఓపిక లేదు. "ఉల్లాసంగా ఉన్నప్పుడు మేడం" అన్నాను.

"వేలు ఇంక వంగనన్నప్పుడు. సరిగ్గా ఆడనే. నువ్వు జోకేస్తావు, అందరం నవ్వుతాం, ఆ నవ్వులో నువ్వు చెయ్యి వదిలేస్తావు. రోజూ చూస్తా ఉండా. నీ జోకులన్నీ ఆ వేలు పారిపోను పెట్టుకున్న దొడ్డిదారి."

ఒక జోకు నాలుక చివరిదాకా వచ్చింది. చూసుకుంటే వేలు నిజంగానే అప్పటికి సగం తెరుచుకుని ఉంది.

"జోకులు మానేమంటారా?"

"మానద్దు. పెద్దమ్మకు కూడా పొద్దుపోవాలి కదా. ఇంకమీదట వేలు మడిచి పట్టుకుంటేనే నోరు తెరువు. చెప్పేది అయిపోయేదాకా వదలద్దు. ఒక్క ముక్క జోకులు నాకు వద్దు, పొడుగ్గా చెప్పు."

నేను పుట్టి బుద్ధెరిగాక ఎవరూ నన్ను పొడుగ్గా మాట్లాడమని అడగలేదు. నా దగ్గర ఉన్నవన్నీ చిటికెలో అయిపోయే సరుకు. కుడిచేత్తో వేలిని మడిచి పట్టుకుని, నొప్పికి కళ్లు మూసుకుని, దొరికిన కథ మొదలుపెట్టాను: మేక కథ. ఒక్క మాటలో అయ్యే మేకను సాగదియ్యడం మొదలుపెట్టాను. దాని పుట్టుపూర్వోత్తరాలు చెప్పాను. దాన్ని నాన్న ఏ సంతలో ఎవరితో గొడవపడి కొన్నాడో చెప్పాను. పోలయ్య మామ వల ఎత్తుకుని జారుకున్న నడక ఎట్టా ఉంటుందో చెప్పాను. పెద్దమ్మ కూడా కథ అయ్యేదాకా పిడికిలి మూసే ఉంచాలని మేడం ఆజ్ఞ.

"తొందరగా చంపరా నాయనా ఆ మేకని, నా చెయ్యి పోతా ఉంది" అంది పెద్దమ్మ.

"మేక చావదు పెద్దమ్మా."

"మరి ఎందుకింతసేపు చెప్తా ఉండావు?"

"మేక ఇంకా గడప దాటలేదు. ఇద్దరూ వదలద్దు" అన్నారు మేడం, అదే గొంతుతో.

అలా కథ చెప్పడం అంటే ఏమిటో నాకు ఆ గదిలో అర్థమైంది. నవ్వు కాస్త ముందే వస్తే చెయ్యి వదులైపోతుంది. మరీ ఆలస్యమైతే పెద్దమ్మ తిడుతుంది. నొప్పి ఎక్కువైన చోట మాట తప్పించకుండా, ఇంకాస్త నెమ్మదిగా, ఇంకాస్త వివరంగా చెప్పాలి. ఎదుటివాళ్లు తర్వాత ఏమైందో అని చూస్తుంటే వేలు తన బాధను కాసేపు మర్చిపోతుంది. రోజులు గడిచేకొద్దీ మేక సంతకు పోయింది, పెళ్లికి పోయింది, ఒకసారి పంచాయతీకి కూడా పోయింది. కథలు పెరిగాయి. వేలు ముందు అరచేతి వైపు చూసింది, తర్వాత బయల్దేరింది. ఒకరోజు కథ మధ్యలో పెద్దమ్మ "మేడమమ్మా!" అని కేకేసింది. ఆమె పిడికిట్లో ఒక నిమ్మకాయ ఉంది. కాయ కింద పడలేదు. కథ అక్కడే ఆగిపోయింది, ఎవరూ మిగతాది అడగలేదు. నాకు కొంచెం కష్టమనిపించింది.

డాక్టరుగారు మళ్లీ చూసిన రోజు నాన్న కూడా వచ్చాడు. డాక్టరుగారు వేలిని వంచమన్నారు, తెరవమన్నారు, మళ్లీ వంచమన్నారు. "ఇక మళ్లీ కోసి తెరవక్కర్లేదు. మేడం దగ్గరే కొనసాగించండి" అన్నారు. వరండా చివరికి పరిగెత్తి చెప్పాను. ఆమె ఎవరి చేతికో పట్టీ వేస్తున్నారు, తలెత్తలేదు. "సరే. ఈసారి వచ్చేటప్పుడు వల తీసుకురా" అన్నారు. నేను ఇంకొంచెం ఏదైనా అంటారని గుమ్మంలో నిలబడ్డాను. "అడ్డం నిలబడొద్దు, వెలుతురు రావడంలా" అన్నారు.

నాన్న వలను భుజాన వేసుకుని బస్సెక్కాడు. కండక్టరు ముక్కు మూసుకుని, దానికి కూడా సీటు కావాలా అని అడిగాడు. గదిలో నేల మీద కూర్చుని, బొటనవేలికి వల తగిలించాను. మేడం కూడా నేల మీదే కూర్చున్నారు, నూలు చీరకు చేపల వాసన పడుతున్నా. మొదటి కన్ను జారింది. రెండోది కూడా జారింది. మూడోదానికి వేలు వంగి దారాన్ని పట్టుకుంది, కానీ లాగే బలం లేదు, వణికింది. నోరు తెరిచి ఏదో అనబోయాను. మేడం నా వైపు చూశారు. మూసుకున్నాను. మళ్లీ పట్టుకున్నాను. ఈసారి దారం బిగిసింది. కుడిచెయ్యి ముడి వేసింది.

నాన్న ఆ కన్నును రెండు చేతులతో పట్టుకుని అటూఇటూ లాగాడు. వెలుతురుకు పెట్టి చూశాడు.

"రవ్వంత వంకర ఉంది మేడం" అన్నాడు.

"చేప కనిపెడుతుందా?"

నాన్న ఆలోచించాడు. నిజంగానే ఆలోచించాడు. "చేపకేం తెలుస్తాది మేడం."

"అయితే సరిపోయింది" అని ఆమె లేచి కిటికీలన్నీ తెరిచారు. భావోద్వేగం ఆపుకోలేక అనుకున్నాను. వాసన ఓర్చుకోలేక.

ఆమె ఇప్పుడు నెల్లూరులో లేరు. కూతురి చదువు కోసం తిరుపతి వెళ్లిపోయారు. ఆ గదిలో వేరే ఆయన ఉన్నారు. మంచివారే. నేనేదైనా అంటే వెంటనే నవ్వేస్తారు. అందుకే ఆయన మీద నాకింకా నమ్మకం కుదరలేదు. రమణమ్మ పెద్దమ్మ మళ్లీ కాయలు ఏరుతోంది. గూడూరు వెళ్లినప్పుడల్లా ఒక సంచి నిండా ఇచ్చి, మేక బాగుందా అని అడుగుతుంది. నేను మా అరుగు మీద వలలు బాగుచేస్తున్నాను. పోలయ్య మామ ఇంకా చెప్పకుండానే పెట్టిపోతున్నాడు.

ఆమె దగ్గర నుంచి నాకు మిగిలింది ఏమిటని అడిగితే, వేలు అనాలి. కానీ వేలు ఎలాగూ నాదే. అంతకన్నా మిగిలింది ఇంకొకటి ఉంది. ఇప్పటికీ నోటికి ఒక జోకు రాగానే ఒక్క క్షణం ఆగుతాను. ఎక్కణ్ణుంచి వచ్చింది ఇది, ఎక్కడైనా నొప్పి మొదలైందా అని చూసుకుంటాను. చాలాసార్లు ఏమీ ఉండదు, అది ఉత్త జోకే, అనేస్తాను. కొన్నిసార్లు ఉంటుంది. నాన్న మొన్న పడవ దిగుతూ మోకాలు పట్టుకుని ఆగినప్పుడు, ఆయన వయసు మీద ఒక మంచి మాట తట్టింది. అనలేదు. పక్కన కూర్చుని, ఎప్పటి నుంచి ఉంది నాయనా అని అడిగాను. పొడుగ్గానే చెప్పాడు. అయ్యేదాకా విన్నాను. ఇవన్నీ రాస్తున్నది కూడా అట్టాగే, నొప్పి ఉన్నచోట వదిలెయ్యకుండా.

వేలు ఇప్పుడు అరచేతికి తగులుతుంది, దారాన్ని లాగుతుంది, రోజంతా పని చేసినా మొరాయించదు. మధ్య కణుపు మాత్రం లావుగానే ఉండిపోయింది. అది ఇంక తగ్గదట. ఆ వేలికి ఉంగరం చేయించుకోవాలంటే కొలత కణుపు దగ్గర ఇవ్వాలి, వేలి మొదట్లో ఇస్తే కణుపు దాటి ఎక్కదు.